మిద్దెతోట తరగతులు: ఒక్క ఆదివారం చాలా, పంటకాలమంతా కావాలా? విజయవాడ, గుంటూరు వాళ్లు చెప్పండి

పటమట మిద్దె (విజయవాడ)

అందరికీ నమస్కారమండీ. మా కాలనీ సంఘం భవనం మిద్దె ఖాళీగా పడి ఉంది. దాని మీద ఇంటితోట తరగతులు మొదలుపెడదామని మొన్న మీటింగులో అనుకున్నాం. ఎక్కువమంది గృహిణులు, రిటైరైన వాళ్లు. ఉద్యోగాలు చేసుకునే కుర్రాళ్లు కూడా కొందరు పేరు ఇచ్చారు.

అయితే సంఘంలో మాట రెండుగా చీలింది. ఒక ఆదివారం పొద్దుట్నుంచి సాయంత్రం దాకా అన్నీ చెప్పించేసి, భోజనాలు పెట్టి, తలా నాలుగు విత్తనాల ప్యాకెట్లు చేతిలో పెట్టి పంపిద్దామని కొందరి ఉద్దేశం. నేను ఒప్పుకోలేదు. తరగతి పంటతో పాటు నడవాలి. మృగశిర కార్తెలో విత్తనం పెట్టడంతో మొదలై సంక్రాంతికి చిక్కుడుకాయ కోసేదాకా, నెలకు రెండు ఆదివారాలు సాగాలి. ఒక్కరోజు విన్నది విత్తనం వేసేదాకానే అక్కరకొస్తుంది. ఆ తర్వాత ఆకు ముడుచుకుంటుంది, పూత రాలుతుంది, పిందె పసుపుపచ్చగా మారి ఊడిపోతుంది. అప్పుడు అడగడానికి మనిషి ఉండాలి కదా.

మీ ఊళ్లో, మీ అపార్ట్‌మెంట్లో ఇలాంటివి నడిపినవాళ్లు, నేర్చుకున్నవాళ్లు ఏమంటారు? ఏమేం చెప్పించాలి?

లాం రోడ్డు (గుంటూరు)

అమ్మా, మీ పట్టు వదలొద్దు. మీరు చెప్పిన పద్ధతికి పెద్ద చరిత్రే ఉంది. 1989లో ఇండోనేషియాలో వరికి సుడిదోమ బెడద మీద రైతులకు పొలంలోనే బడి పెట్టారు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్.ఎ.ఓ.) వాళ్ల అండతో నడిచింది. నాట్ల నుంచి కోతల దాకా వారం వారం అదే మడి దగ్గర కూర్చోవడం, మొక్కను పరిశీలించడం, కనిపించిన పురుగుల్లో శత్రువేదో మిత్రుడేదో లెక్కరాసుకోవడం, మందు కొట్టాలా వద్దా అన్నది రైతులే తేల్చుకోవడం. మన దగ్గర దాన్నే పొలంబడి అన్నారు. అందులో ఉపన్యాసం తక్కువ, చూడటం ఎక్కువ.

మిద్దె మీదా అదే చేయండి. సంఘం మిద్దె మీద ఒక వరస గ్రో బ్యాగులు, అంటే మొక్కలు పెంచే సంచులు, తరగతి పంటగా పెట్టండి. వచ్చినవాళ్లు ముందు పావుగంట దాని చుట్టూ తిరిగి చూడాలి, తర్వాతే మాటలు. వంకాయ ఆకు తిప్పి కిందివైపు చూస్తే పేనుబంక, అంటే రసం పీల్చే చిన్న పురుగుల గుంపు, కనిపిస్తుంది. దాని మధ్యలోనే నల్లగా, ఒంటి మీద నారింజ మచ్చలతో, బుల్లి మొసలిలా ఉండే పురుగొకటి పాకుతుంటుంది. చాలామంది దాన్ని చూసి జడుసుకుని నలిపేస్తారు. అది అక్షింతల పురుగు పిల్ల. పేనుబంకను తినేదే అది! పుస్తకంలో బొమ్మ చూసినవాడు మర్చిపోతాడు గానీ, చేత్తో ఆకు తిప్పి చూసినవాడు మర్చిపోడు.

గుణదల సివిల్ (విజయవాడ)

తోట సంగతి నాకు అంతగా తెలియదు. స్లాబు సంగతి చెప్తాను, దయచేసి మొదటి తరగతిలోనే చెప్పించండి.

మనుషులు ఎక్కి తిరిగే మిద్దెకు, భవనాల మీద పడే బరువులకు మన దేశం పెట్టుకున్న ప్రమాణం ఐ.ఎస్. 875 ప్రకారం చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్లు, అంటే సుమారు 150 కిలోల బరువు లెక్కేసి డిజైన్ చేస్తారు. ఇప్పుడు రెండడుగుల చదరం, అడుగు ఎత్తున్న గ్రో బ్యాగు చూడండి. దానిలో పట్టేది దాదాపు 113 లీటర్లు. వట్టి మట్టి నింపి నీళ్లు పోస్తే ఆ ఒక్క బ్యాగే 200 కిలోలు. అదే కొబ్బరిపొట్టు, కంపోస్టు ఎక్కువ, మట్టి తక్కువ వేసి కలిపితే తడిసినా ఇంచుమించు సగానికి దిగుతుంది. అప్పుడు కూడా స్లాబు నడిమధ్య వరసగా పేర్చకూడదు. కింద దూలం ఎక్కడుందో చూసుకుని దాని మీదుగా, గోడల మీదుగా, పిట్టగోడ వెంబడి పెట్టండి. మధ్య భాగం నడవడానికి వదిలేయండి.

బ్యాగు స్లాబుకు తాకకూడదు. ఇటుకల మీదో స్టాండు మీదో అరడుగు ఎత్తులో ఉంటే కింద గాలి ఆడుతుంది, చెమ్మ ఆరుతుంది, గొట్టం దాకా వాన నీరు ఆగకుండా పోతుంది. ఇరవై ముప్పై ఏళ్ల కిందటి ఇళ్లు, పెచ్చులూడి ఇనుము బయటపడ్డ స్లాబులు ఉంటే ముందు ఇంజనీరుకు చూపించి గానీ ఒక్క బ్యాగూ ఎక్కించొద్దు. ఆకుకూరలకు ఆరంగుళాల మట్టి చాలంటారు కదా, పాత ఇళ్లవాళ్లు దాంతో సరిపెట్టుకుంటే మేలు.

కొత్తమొక్క (కానూరు)

మేం అద్దెకు ఉంటున్నాం. మిద్దె తాళం ఓనరు దగ్గరే ఉంటుంది. మాకున్నది తూర్పు బాల్కనీ, పొద్దున పది దాకానే ఎండ. తరగతికి వచ్చినా మాలాంటి వాళ్లకు ఏమైనా పనికొస్తుందా?

బ్రాడీపేట నాలుగో లైను (గుంటూరు)

@కొత్తమొక్క ఎందుకు పనికిరాదమ్మా! మూడు నాలుగు గంటల ఎండ ఉంటే పుదీనా, పొన్నగంటి, బచ్చలి హాయిగా వస్తాయి. వీటికి విత్తనం కూడా కొనక్కర్లేదు. రైతుబజారులో తెచ్చిన కట్టలో ముదురు కాడలు ఏరి, ఆకు దూసుకుని కూర వండుకుని, ఆ కాడలే గుచ్చేయండి. కాయగూరలకు మాత్రం ఆరు గంటల ఎండ కావాలి. బాల్కనీలో టమాటా పెట్టి కాయట్లేదని బెంగపడొద్దు.

మా లైనులో ఆడవాళ్లం కొందరం కలిసి ఒకరి మిద్దె తర్వాత ఒకరి మిద్దె మీద కూర్చుంటూ నేర్చుకున్నాం. ఒకే చోట పెట్టడం కంటే ఇది నాకు నచ్చింది. ఒకరింట్లో బోరు నీళ్లు ఉప్పన, ఒకరికి మునిసిపల్ నీళ్లు. ఒకరి మిద్దెకు పడమటెండ, ఇంకొకరికి పక్క భవనం నీడ. అదే విత్తనం, అదే వారం వేసినా నాలుగు చోట్లా నాలుగు రకాలుగా వచ్చింది. అది కళ్లతో చూశాక, ఎవరో వీడియోలో చెప్పిన కొలతను గుడ్డిగా పట్టుకోవడం మానేశాం.

ఉప్పు నీళ్లున్న వాళ్లకు ఒక మాట. కుండీ అంచు మీద, మట్టి పైన తెల్లటి పొర కడుతోందంటే ఉప్పు పేరుతోందని అర్థం. వానాకాలంలో కుండీలను వానకు బాగా తడవనిచ్చి అడుగు నుంచి నీరు ధారగా కారనివ్వండి. ఆర్.ఓ. మిషను వదిలేసే నీళ్లు మొక్కలకు రోజూ పోయకండి, వాటిలో ఉప్పు ఇంకా ఎక్కువ. ఏసీ నుంచి కారే నీళ్లు మాత్రం పట్టుకుని నిక్షేపంగా వాడుకోవచ్చు.

సింగ్‌నగర్ వాసి (విజయవాడ)

2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మునిగిన ఇల్లు మాది. నీళ్లు తీశాక పెరట్లో మందంగా ఒండ్రు మిగిలింది. చూడ్డానికి నల్లగా, మెత్తగా ఉంటుంది. "ఒండ్రు మట్టి బంగారం, కూరగాయలకు వాడుకో" అన్నవాళ్లున్నారు. మా ఆవిడ వద్దంటుంది. మీ తరగతుల్లో ఇలాంటి నేలల గురించి కూడా చెప్పించగలరా? మా వైపు ఈ సందేహం చాలా ఇళ్లల్లో ఉంది.

లాం రోడ్డు (గుంటూరు)

@సింగ్‌నగర్ వాసి మీ ఆవిడ చెప్పిందే సబబు. కృష్ణ ఒడ్డున పొలంలో మేట వేసే ఒండ్రు వేరు, ఊరి మధ్య నిలిచిన వరదనీరు వదిలిన ఒండ్రు వేరు. అందులో మురుగు కలిసింది, బండ్ల నుంచి డీజిలు, నూనెలు కలిశాయి. ఎండకు ఎండి, రోజులు గడిచేకొద్దీ క్రిములు తగ్గుతాయి గానీ నూనెలు, లోహాల సంగతి కంటికి కనపడదు. ఆ మట్టిలో ఆకుకూరలు, ముల్లంగి, క్యారెట్ లాంటి దుంపలు వేయకండి. బంతి, చామంతి, మందార పెట్టుకోండి. కూరగాయలకు విడిగా బ్యాగుల్లో కొత్త మట్టి కలుపుకోండి. మట్టి పరీక్ష చేయిస్తే మరీ మంచిది. నమూనా ఒక్కచోట తీయకండి, నాలుగైదు చోట్ల జానెడు లోతు నుంచి తీసి కలిపి, నీడలో ఆరబెట్టి ఇవ్వండి.

ఉండవల్లి రైతుబిడ్డ (తాడేపల్లి)

మా నాన్నవాళ్లు కూరగాయలు, పూలు పండిస్తారు. నేను చూసిన తేడా ఒక్కటి చెప్తాను. ఊళ్లో ఇంటితోటలు పెట్టేవాళ్లు మట్టి మీద పెట్టాల్సిన శ్రద్ధ మందుల మీద పెడతారు. తరగతిలో మొదటి రెండు ఆదివారాలూ మట్టికే ఇవ్వండి.

మనవైపు దొరికే నల్లరేగడి బ్యాగులోకి ఒక్కటే పనికిరాదు. తడిస్తే జిగట, ఎండితే నెర్రెలు. ఎర్రమట్టి రెండు పాళ్లు, కడిగిన కొబ్బరిపొట్టు రెండు పాళ్లు, బాగా చివికిన పశువుల ఎరువు గానీ వానపాముల ఎరువు గానీ రెండు పాళ్లు, ఊక ఒక పాలు, బ్యాగుకు రెండు గుప్పెళ్ల వేపపిండి. కొబ్బరిపొట్టు ఇటుకను నానబెట్టి, పిండి, ఆ నీళ్లు పారబోసి మళ్లీ ఇంకోసారి పిండాలి. అందులో ఉప్పు ఉంటుంది, కడగకపోతే మొలకలు ఆకు అంచుల నుంచి మాడతాయి.

వేసవిలో బ్యాగులు ఖాళీగా ఎండబెట్టొద్దు. డెల్టాలో వరి ముందు పచ్చిరొట్టకు, అంటే పచ్చి మొక్కనే ఎరువుగా మట్టిలో కలపడానికి, జనుము, పిల్లిపెసర చల్లినట్టే మీరూ చల్లండి. పూత మొదలవగానే కోసి అక్కడే మట్టిలో కలిపేయండి. రెండు మూడు వారాలు మాగనిస్తే మృగశిరకు మట్టి సిద్ధం.

అరండల్‌పేట అమ్మమ్మ (గుంటూరు)

పిల్లలూ, చిక్కుడు గురించి అనుకుంటున్నారు కాబట్టి చెప్తున్నా. పాదు చిక్కుడు ఆషాఢ శ్రావణాల్లో పెడితే, పొద్దు తగ్గేదాకా ఆకులే వేస్తుంది. పూయట్లేదని దాన్ని పీకెయ్యకండి. చలిగాలి మొదలయ్యాక గుత్తులు గుత్తులుగా విరగబూస్తుంది. రథసప్తమికి చిక్కుడుకాయలతో రథం కట్టి, చిక్కుడాకులో పరమాన్నం పెట్టేది ఆ రోజులకు ప్రతి ఇంటి పాదూ నిండుగా ఉంటుందనే కదా. ఏ కాలానికి ఏది కాస్తుందో మన పండగల్లోనే ఉంది.

టమాటాకూ అంతే. రాత్రుళ్లు కూడా ఉక్కపోసే నెలల్లో పూత నిలవదు. వినాయకచవితి వెళ్లాక నారు పోసుకుంటే పుష్యమాసానికి ఎర్రగా పండుతుంది. కొత్తిమీర కూడా చల్లకాలం పంటే. ధనియాలు చెప్పుతోనో రోకలితోనో మెల్లగా నలిపి రెండు బద్దలు చేసి చల్లాలి.

లాం రోడ్డు (గుంటూరు)

@అరండల్‌పేట అమ్మమ్మ గారు చెప్పినదానికి కలుపుతున్నా. కొత్తిమీరలో స్వాతి, సాధన, సింధు రకాలు మన లాం పరిశోధన కేంద్రం నుంచి వచ్చినవే. ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం ప్రధాన కార్యాలయం ఉన్నదీ లాంలోనే. ఇంత దగ్గర్లో పెట్టుకుని గుంటూరు, విజయవాడ వాళ్లు విత్తనాలు ఎక్కడెక్కడి నుంచో తెప్పించుకోవడం బాధగా ఉంటుంది. తరగతి పిల్లల్ని పెద్దల్ని ఒకసారి అక్కడికి తీసుకెళ్లండి.

గోరుచిక్కుడు (సత్యనారాయణపురం)

నాకు సేంద్రియం అన్న మాట వింటే ఇష్టమే గానీ జీవామృతం అపార్ట్‌మెంట్లో సాధ్యమా? పేడ, గోమూత్రం తెచ్చి లిఫ్టులో ఎక్కిస్తుంటే పక్క ఫ్లాటు వాళ్లు ఊరుకుంటారా? మా సెక్రటరీ ఇప్పటికే వాసన అని రెండుసార్లు నోటీసు బోర్డు మీద రాశాడు.

బ్రాడీపేట నాలుగో లైను (గుంటూరు)

@గోరుచిక్కుడు పొలానికి చెప్పే కొలత 200 లీటర్ల నీళ్లకు 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల నల్లబెల్లం, 2 కిలోల శనగపిండి, గట్టు మీది మట్టి గుప్పెడు. మిద్దెకు 20 లీటర్ల బకెట్టు చాలు, అంటే అన్నీ పదో వంతు. కిలో పేడ, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల పిండి. నీడలో పెట్టి, గోనెసంచి కప్పి, పొద్దున సాయంత్రం కర్రతో కలుపుతుంటే పులిసిన పిండి వాసన తప్ప కంపు రాదు. కలపడం మానేస్తేనే కుళ్లు వాసన. రెండు రోజులకు తయారవుతుంది, వారంలోపు వాడేయాలి. ఒకటికి పదింతలు నీళ్లు కలిపి కుండీల్లో పోయండి.

గోరుచిక్కుడు (సత్యనారాయణపురం)

మీరు చెప్పింది ఇండిపెండెంట్ ఇంటికి సరేనండీ. ముప్పై ఫ్లాట్ల మధ్య నాకు కుదరదు. వంటింటి చెత్తతో కంపోస్టు ఒక్కటి సరిగ్గా చేసుకుంటే అది సరిపోదా అని నా ప్రశ్న. తరగతికి వచ్చేవాళ్లలో సగం మంది నాలాంటి వాళ్లే ఉంటారు.

పటమట మిద్దె (విజయవాడ)

@గోరుచిక్కుడు గారూ, ఇంటితోటకు కంపోస్టు చక్కగా సరిపోతుంది, నేనైతే దానికే ముందు పీట వేస్తాను. రోజూ మునిసిపాలిటీ బండికి ఎత్తే తడిచెత్త తగ్గుతుంది, ఎరువు కొనే ఖర్చు తగ్గుతుంది. కూరగాయల తొక్కలు ఒక వంతైతే ఎండుటాకులో, ఎండిన కొబ్బరిపొట్టో రెండు వంతులు. ఈ ఒక్క లెక్క తప్పకపోతే వాసన ఉండదు. పైన ఎప్పుడూ పొడిపొర కనిపించాలి. రెండు బకెట్లకు పక్కల రంధ్రాలు వేయించుకుంటే ఒకటి నిండి మాగుతుంటే ఇంకొకటి నింపుకోవచ్చు. రెండు నెలలకు అటూ ఇటూగా నల్లటి పొడి వస్తుంది, చేతిలోకి తీసుకుంటే తొలకరి మట్టి వాసన రావాలి. దేవుడికి పెట్టిన పూలు, అరటాకులు అన్నీ అందులోనే.

వండిన అన్నం, నూనె కూరలు మాత్రం వేయకండి. ఎలుకలు వస్తాయి.

కొత్తమొక్క (కానూరు)

మా అత్తగారింట్లో బీరపాదు ఉంది. పూలు బోలెడు, పిందెలు మాత్రం వేలెడు కాగానే పసుపుపచ్చగా మారి రాలుతున్నాయి. మందేమైనా కొట్టాలా?

ఉండవల్లి రైతుబిడ్డ (తాడేపల్లి)

@కొత్తమొక్క అక్కా, మందు కాదు, పుప్పొడి అందట్లేదు. బీర, సొర, పొట్ల సాయంత్రం పొద్దువాలాక విచ్చుకుంటాయి. దోస, కాకర, గుమ్మడి పొద్దున. పట్నంలో మూడో అంతస్తు మీదికి సాయంత్రంపూట తేనెటీగ రాదు. మీరే చేయాలి. పువ్వు కింద సన్నటి బీరకాయ బొమ్మలా ఉంటే అది ఆడపువ్వు, వట్టి కాడ మాత్రమే ఉంటే మగపువ్వు. మగపువ్వు తెంపి, రేకులు వెనక్కి తీసేసి, మధ్యలో పసుపు పొడి ఉన్న భాగాన్ని ఆడపువ్వు నడిమధ్య మెల్లగా రుద్దండి. ఒక మగపువ్వుతో రెండు మూడు ఆడపూలకు చేయొచ్చు. మర్నాటికి ఆ పిందె కిందికి వంగి పచ్చగా నిలిచిందంటే పట్టినట్టే.

అలా చేశాక కూడా కాయ వంకరపోయి, సన్నటి చిల్లు పడి, కోస్తే లోపల తెల్ల పురుగులుంటే అది పండు ఈగ. రాలిన కాయను అక్కడే వదలకుండా ఏరి నీళ్లలో ముంచి చంపాలి. పిందెగా ఉన్నప్పుడే కాగితం సంచి తొడగాలి. క్యూలూర్ ఎర బుట్ట ఒకటి కట్టుకుంటే మగ ఈగలు అందులో పడతాయి.

పటమట మిద్దె (విజయవాడ)

చూశారా, ఇది ఆదివారం పొద్దున తరగతిలో ఎప్పటికీ చూపించలేం! బీరపువ్వు విచ్చుకునేదే సాయంత్రం కదా. పాదులు పూతకొచ్చాక తరగతిని సాయంత్రానికి మార్చాలని రాసుకున్నాను.

మంగళగిరి మిరప (మంగళగిరి)

మిరప వేసేవాళ్లకు జాగ్రత్త చెప్పాలి. 2021లో గుంటూరు వైపు మిరప తోటల్ని నాశనం చేసిన నల్ల తామర పురుగు మిద్దెల మీదికీ వస్తుంది. అది పువ్వులో దాక్కుంటుంది. తెల్ల కాగితం కింద పెట్టి పువ్వును వేలితో తట్టండి, నల్లగా నూలుపోగు ముక్కల్లా రాలి పాకితే అదే. అలాంటి పూలు కోసి సబ్బునీళ్లలో వేయండి. నీలిరంగు జిగురు అట్టలు మొక్క ఎత్తులో కట్టండి, తెల్లదోమకైతే పసుపురంగువి. వేపనూనె లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు, కరగడానికి కొంచెం కుంకుడు రసం, సాయంత్రం పూట మాత్రమే. మిరప పైరు మీద మందుల బాధ తెలిసిన జిల్లా మనది. ఇంట్లో పిల్లలు తినే నాలుగు కాయలైనా మందు లేకుండా పండించుకోవడం నేర్పిస్తున్నందుకు మీకు దండం పెడతాను.

ఇంకొకటి, మీ తరగతికి ప్రకృతి వ్యవసాయం చేసే మహిళా రైతుల్ని పిలవండి. మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ రైతు సాధికార సంస్థ 2016 నుంచి నడిపిస్తున్న ప్రకృతి వ్యవసాయం పనిలో నేర్పేది ఎక్కువగా చేసి చూపించిన రైతులే, ఊరి మహిళా సంఘాల ద్వారానే. దానికే 2024లో పోర్చుగల్ సంస్థ ఇచ్చే గుల్బెంకియన్ పురస్కారంలో వాటా వచ్చింది. ఆ అక్కలు మాట్లాడితే మీ కాలనీ వాళ్లకు ఏ ప్రొఫెసరు చెప్పినదానికన్నా బాగా ఎక్కుతుంది.

గోరుచిక్కుడు (సత్యనారాయణపురం)

ఫీజు సంగతేంటి? ఉచితమంటే మూడో తరగతికి మనుషులుండరు. అలాగని కిట్లు అమ్ముకునేవాళ్లను స్పాన్సర్లుగా తెచ్చుకోకండి.

పటమట మిద్దె (విజయవాడ)

కిట్లు, అమ్మకాలు లేవండీ, అది ముందే తేల్చేశాం. చందా నామమాత్రం, అదీ మట్టికి, షేడ్ నెట్‌కు. విత్తనాలు నాటువే పంచుతాం. పంట చివర ప్రతి ఒక్కరూ బెండ, గోంగూర, చిక్కుడు విత్తనం కట్టి వచ్చే ఏడాది వాళ్లకు ఇవ్వాలి. హైబ్రిడ్ విత్తనం కడితే రెండో ఏడు అదే రకం రాదు కాబట్టి.

కుండీల కింద పళ్లేలు వారానికోసారి ఒంపి ఆరబెట్టే బాధ్యత వంతులవారీగా రాస్తున్నాం. డెంగ్యూ దోమలు పెంచుతున్నామన్న మాట రాకూడదు.

సంఘం వాళ్లకు ఈ చర్చంతా చదివి వినిపించాను. పంటకాలమంతా నడపడానికి ఒప్పుకున్నారు. రోహిణి కార్తె ఎండ ఇంకా తగ్గలేదు కాబట్టి మొదటి తరగతి పొద్దున ఆరింటికే, ఎనిమిదిన్నరకు ముగింపు. ఆ రోజు మాటలేం లేవు, అందరం కలిసి మట్టి కలపడమే. ప్రతి ఒక్కరూ ఇంటి నుంచి ఒక డబ్బాడు తమ మట్టి, ఒక సీసాడు తమ నీళ్లు తీసుకురండి. గుణదల సివిల్ గారూ, ముందు రోజు సాయంత్రం వచ్చి బ్యాగులు ఎక్కడ పెట్టాలో సుద్దతో గీసి పెడతారా?

గుణదల సివిల్ (విజయవాడ)

వస్తానండీ. భవనం ప్లాను దొరికితే తీసి ఉంచండి, దూలాలు వెతుక్కునే పని తప్పుతుంది.

ఉండవల్లి రైతుబిడ్డ (తాడేపల్లి)

ఊక, వేపపిండి, మాగిన ఎరువు నేను బండిలో వేసుకొస్తాను, బండి కిరాయి ఇస్తే చాలు. మీ భవనానికి లిఫ్టు లేకపోతే సంచులు మోయడానికి నలుగురు కుర్రాళ్లను సిద్ధం చేయండి. ఎరువు ముందురోజే దింపితే బాగుంటుంది, రాత్రికి వాన పడితే తడవకుండా పట్టా కూడా ఒకటి చూసి పెట్టండి.